రాత్రి అన్నము, పొరుగు తాలింపు

అన్నమును గూర్చి మన పూర్వులు వ్రాసినది చాల కలదు. మిగిలిన అన్నమును గూర్చి వ్రాసినది మిక్కిలి తక్కువ. దేవునికి నిత్యము నివేదింపవలసిన బియ్యము ఎంత, నెయ్యి ఎంత, పప్పు ఎంత అను లెక్కలు ఆలయ శాసనములందు చెక్కబడినవి. రాజుల విందులను కవులు పద్యములలో వర్ణించిరి. కాని రాత్రి అందఱును భుజించిన పిమ్మట కుండలో మిగిలిన నాలుగు పిడికిళ్ళ మెతుకులు తెల్లవాఱిన తరువాత ఏమైనవో తెలుపు శాసనము ఒక్కటియు నా కంటబడలేదు. అందులో వింత లేదు. మిగిలినదానిని తినువాడు ఱాతిమీద చెక్కించుకొనగలవాడు కాడు.

అట్టిచోట చరిత్ర తెలిసికొనగోరువారికి మిగులు ఆధారములు రెండే: మాటలు, వంటపాత్రలు. ఈ వ్యాసమున నేను ఆ రెంటిని పట్టుకొని, కర్ణాటకము, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రము, యానాములలో తరతరములుగ నిలిచియున్న మన తెలుగు కుటుంబముల ఇండ్లలో రాత్రి అన్నము ఉదయమున ఏయే రూపములు దాల్చినదో కొంత పరిశీలింపదలచితిని. విషయము అల్పమని కొందఱు నవ్వవచ్చును. ఇట్టి సంచికలలో కృష్ణరాయల సభను గూర్చి, తంజావూరి నాయకరాజుల నాటకములను గూర్చి ఎన్నో వ్యాసములు వచ్చినవి, అవి రావలసినవే. ఐనను తెలుగు అక్షరములు మఱచిన ఇండ్లలో కూడ తాలింపు అను మాట నిలిచియుండుట నేను చూచితిని. ఇప్పుడు ఆ మాటయు జాఱిపోవుచున్నదేమో అను భయమే నాచేత ఇది వ్రాయించుచున్నది.

చద్ది అను మాటకు పాత రూపము చల్ది. చలి, చల్లన, చలువ అను మాటల కుటుంబములోనిది. అనగా దాని మొదటి అర్థము పాచిపోయినది అని కాదు, చల్లారినది అని. తెలంగాణమున అదియే సద్ది. చద్దివేళ అనగా కొంచెము ప్రొద్దెక్కిన ఉదయ సమయము. గడియారము లేని దినములలో పొలము పనివారికి అది యొక కాలమానము. దారిలో తినుటకు గుడ్డలో కట్టికొనిపోవునది చద్దిమూట. పెద్దల మాట చద్దిమూట అను సామెతలో ఆకలివేళ అక్కఱకు వచ్చునది అను భావమే కాని, పాతది అను తక్కువచూపు లేదు. ఒక్క మాటతోనే ప్రొద్దును, ప్రయాణమును, పెద్దల బుద్ధిని కూడ చెప్పుకొనిరన్నచో ఆ పదార్థము మనవారికి ఎంత నిత్యమైనదో ఊహింపవచ్చును.

15వ శతాబ్దమున బమ్మెర పోతన రచించిన భాగవతమున, దశమస్కంధములో, యమునాతీరమున గోపబాలురు చల్దులారగించు ఘట్టము తెలుగువారెల్లరు ఎఱిగినదే. సంస్కృత మూలమున కృష్ణుని ఎడమచేతిలో మెత్తని కబళమును, వ్రేళ్ళ నడుమ ఫలములును కలవు. పోతన ఆ కబళమును మీగడపెరుగు కలిపిన చల్దిముద్దగ మార్చెను. వ్రేళ్ళ సందులలో ఊరగాయలు పెట్టెను. తెలుగు పిల్లవాడు పొలము గట్టున కూర్చుండి ఎట్లు తినునో, దేవుడును అట్లే తినుచున్నాడు. బ్రహ్మదేవుడు దూడలను, బాలురను అపహరించి కృష్ణుని మహిమను పరీక్షింపబూనినది ఈ చల్దివేళనే. సృష్టికర్త వచ్చి చూచునప్పటికి పరమాత్ముని చేతిలో నున్నది చల్లారిన అన్నపుముద్ద. మన భోజనములను గూర్చి ఇంతకంటె గొప్ప సాక్ష్యము వేఱొకటి నాకు తెలియదు.

ఐతే ఆ ఊరగాయలో మిరపకాయ ఉండదు. మిరప అమెరికా ఖండమునకు చెందిన మొక్క. పోర్చుగీసువారు పడమటి తీరమునకు వచ్చిన తరువాత, 16వ శతాబ్దమున, మన దేశమున ప్రవేశించినది. వేరుసెనగయు ఆ ఖండమునుండి వచ్చినదే. చద్దన్నము, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ అను మూటిని మనము అనాదియని తలచెదము గాని, ఆ మూటిలో నడిమిది పోతన ఎఱుగడు. ఆయన కాలపు కారము మిరియములది, అల్లముది, ఆవలది.

ధర్మశాస్త్రములు నిలువ అన్నమును మెచ్చలేదు. గీత పదునేడవ అధ్యాయమున పర్యుషితాన్నము, అనగా రాత్రి గడచిన అన్నము, తామసులకు ప్రియమైన ఆహారములలో చేర్పబడినది. మనుస్మృతి ఐదవ అధ్యాయమున పులిసిన పదార్థములు వర్జింపవలెనని కలదు. కాని ఆ అధ్యాయముననే రెండు మినహాయింపులు కనబడును. పులిసినవానిలో పెరుగును, పెరుగుతో చేసినవానిని తినవచ్చును. నిలువయున్నదైనను స్నేహము, అనగా నెయ్యియో నూనెయో, కలిసిన భోజ్యమును తినవచ్చును. మన ఇల్లాండ్రు ఆ శ్లోకములు చదివి పొయ్యి వెలిగించిరని నేననను. కాని రాత్రి అన్నమునకు తెలుగింట గౌరవముగ నున్న బాటలు రెండే చూడుడు: పెరుగులో కలుపుట, నూనెలో తాలింపు వేయుట. శాస్త్రము వంటయింటిని శాసించెనా, లేక వంటయింటిలో జరుగుచున్నదానిని చూచి శాస్త్రము తనకు తాను సడలింపు వ్రాసికొన్నదా? నా మొగ్గు రెండవదాని వైపే.

ఈ రెండు బాటలలో చేరనిది నీటిలో నానినది. దానికి మినహాయింపు లేదు. ఆచారపరుల ఇండ్లలో దానిని ఉపనయనము కాని పిల్లలు తినెడివారు, పాలేళ్ళు తినెడివారు. పాలేరునకు ఉదయమున పెట్టు చద్ది దయతో పెట్టునది కాదు. అది అతని కూలిలో నొక భాగము. ఒకే కుండలోని అన్నము తాలింపు పడినచో పంక్తిలోనికి వచ్చుచున్నది, నీరు పడినచో పెరటిలోనికి పోవుచున్నది. చద్ది అను మాటకు పట్టిన చిన్నతనము ఈ పెరటినుండి వచ్చినదని నా అభిప్రాయము.

ఇక్కడ నొక్క సంగతి మఱువరాదు. వరియన్నము తెలుగువారందఱకు నిత్యభోజనమై ఎంతో కాలము కాలేదు. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మటనే డెల్టా సీమ అన్నపుసీమగ విస్తరించినది. మెట్టసీమలలో చద్ది అనగా జొన్నకూడు, సజ్జసంకటి, రాగి అంబలి. పల్నాటి జొన్నకూటిని చూచి శ్రీనాథుడు విసుగుకొనెనని చాటువులు చెప్పుచున్నవి. ఆయన ప్రౌఢదేవరాయల కాలమున, అనగా 1424-1446 నడుమ, కన్నడ రాజధానికి పోయినప్పటిదిగ ప్రచారమందున్న మఱియొక చాటువున, వెల్లుల్లియు నువ్వులపిండియు మెసవితిననియు, చల్లయు అంబలియు త్రాగితిననియు కన్నడ రాజ్యలక్ష్మితోనే మొఱపెట్టుకొనెను. పొరుగునాటి తిండిని గూర్చి ఫిర్యాదు చేసిన తెలుగువారిలో ఆయనకు సాటి మఱియొకడు లేడు. తరువాత వెళ్ళినవారు ఫిర్యాదు మాని వంట నేర్చుకొనిరి.

వారిలో మొదట మా బళ్ళారివారిని గూర్చి చెప్పెదను, తెలిసినది గనుక. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, బళ్ళారి మైసూరునకు పోయినది. మా పెద్దలు ఇల్లు కదలలేదు. ఇంటి క్రింది రాష్ట్రము కదలినది. ఆ యేడే తుంగభద్ర ఆనకట్ట పూర్తియైనది. కాలువ నీరు పాఱగానే కృష్ణా గోదావరి మండలముల రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతములకు వచ్చి భూములు కొని, క్యాంపులు అను పేర ఊళ్ళు కట్టికొనిరి. జొన్నరొట్టె తినెడి నేలపై వరి పండించిరి. వారితో పులిహోర వచ్చినది. ఇక్కడ వారికి చిత్రాన్నము ఎదురైనది.

ఈ రెండును అక్కచెల్లెండ్రు. పులిహోరను కన్నడమున పుళియోగరె యందురు. అందులోని ఓగరె మన ఓగిరము అను మాటకు తోబుట్టువు. కోస్తాలో నిమ్మకాయ పులిహోర అనబడునది రాయలసీమలోను, బళ్ళారిలోను చిత్రాన్నమే. కాని నడవడిలో భేదము కలదు. కోస్తాలో పులిహోర పండుగనాటిది. దానికి కొత్తగ అన్నము వండి, వెడల్పు పళ్ళెరమున పఱచి, నూనె పసుపు చల్లి ఆఱబెట్టుదురు. కన్నడదేశమున చిత్రాన్నము పనిదినపు ఉదయాహారము. రాత్రి అన్నము ఉన్నచో అదియే చాలును. మా యింటికి గుంటూరునుండి కోడలుగ వచ్చిన మా పినతల్లి, మొదటి యేడు, రాత్రి అన్నమున నిమ్మరసము పిండుట చూచి, పండుగ వంటను పాడుచేయుచున్నారని నొచ్చుకొనెనట. పదియేండ్లకు ఆమెయే మా వీధిలో చిత్రాన్నమునకు పేరుపొందినది. ఐతే చివరివఱకు దానిని పులిహోర అనియే పిలిచినది. వంటలో కన్నడ పద్ధతి గెలిచినది, పేరులో తెలుగు గెలిచినది. సరిహద్దు ఇండ్లలో జరుగు రాజీలన్నియు ఇట్టివే.

తమిళనాట మనవారి కథ పాతది, పెద్దది. దానిని ఇక్కడ రెండు మాటలలో దాటెదను. నాయకరాజుల వెంటను, అంతకుముందును దక్షిణమునకు పోయిన కుటుంబములలో చాలమంది నిలిచినది కావేరి తీరపు వరినేలపై కాదు. కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతముల నల్లరేగడిపై. ఆ నేలను అక్కడ కరిసల్ అందురు. అక్కడి తిండి సజ్జ, జొన్న. అట్టి తెలుగింట 1923లో ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువారు దక్షిణమునకు వలసవచ్చిన గాథను "గోపల్ల గ్రామం" అను తమిళ నవలగ వ్రాసెను. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. మన వలస కథను ఇంత బాగుగ చెప్పిన గ్రంథము తమిళమున నుండుట మనము సంతోషింపవలసిన సంగతియో, సిగ్గుపడవలసిన సంగతియో నేను తేల్చుకొనలేదు. తమిళులు నీటిలో నానిన అన్నమును పళయసోఱు అనియు, దాని పైతేటను నీరాగారము అనియు పిలుతురు. పొలమునకు పోవుచు ఆ తేటను త్రాగుట వారికిని మనకును ఒక్కటే.

ఈ తేట దగ్గఱనే ఒడిశా కథ మొదలగును. కోస్తా ఇండ్లలో ఒకప్పుడు వంటయింటి మూల తరవాణికుండ యుండెడిది. గంజియు నీరును పోసి, కొంచెము అన్నము వేసి, ఉప్పు చల్లి, దబ్బాకు త్రుంచివేసి మూతపెట్టిన కుండ అది. దినదినము తీసిన కొలది పోయుచు, పులుపును కాపాడుచు, ఏండ్ల తరబడి దానిని నిలుపుకొనెడివారు. ఎండకాలమున ఆ కుండలోని అన్నము తినినవాడు మిట్టమధ్యాహ్నము వఱకు దాహమని అడుగడు. ఒరియావారు నీటి అన్నమును పఖాళ యందురు. అప్పుడే వండి నీరు పోసినది సజ పఖాళ, రాత్రి గడచినది బాసి పఖాళ, పెరుగు కలిపినది దహి పఖాళ. ఆ పుల్లని తేటకు వారి పేరు తొరాణి. మనది తరవాణి, వారిది తొరాణి! ఎవరి మాట ఎవరికి వచ్చినదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలెను. వంటయింటికి ఆ తగవు అక్కఱలేదు. గోడకు ఈవలావల రెండు కుండలు ఒకే పులుపును పెంచినవని మాత్రము ఈ రెండు మాటలును సాక్ష్యమిచ్చుచున్నవి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము, పర్లాకిమిడి మద్రాసు రాజధానినుండి విడివడి అందులో చేరినవి. నాటినుండి అక్కడి తెలుగు కుటుంబములు బడిలో ఒరియాను, ఇంటిలో తెలుగును మాటలాడుచు వచ్చినవి. వారిలో ఒక మార్పు నేను గమనించితిని. మా యెఱిగిన ఇండ్లలో పెద్దవారు చద్దన్నము అందురు. పిన్నలు పఖాళ అందురు. ఒక్క మాట మాఱుటలో ఏమున్నదని తోచవచ్చును. కాని మాటతోపాటు గౌరవము కూడ మాఱినది. ఒడిశాలో పఖాళ యనిన గర్వము. పూరీలో జగన్నాథుని భోగములందు పఖాళ కలదు. ఇటీవలి యేండ్లలో మార్చి 20వ తేదీని పఖాళ దివసముగ వేడుకతో జరుపుకొనుచున్నారు. బడిచూర, ఆకుకూర వేపుడు, ఆలుగడ్డ ముద్దతో విస్తరి నింపుకొందురు. మన పిల్లవానికి చద్దన్నము అన్నచో సిగ్గు, పఖాళ అన్నచో పండుగ. పదార్థము ఒక్కటే. అతడు తన కుండలోని దానినే పొరుగు పేరుతో గౌరవముగ తినుచున్నాడు. ఇందుకు అతనిని నిందింపజాలను. తల ఎత్తుకొని పిలువదగిన పేరు మనము అతనికి ఈయలేదు.

మహారాష్ట్రమున కథ వేఱు విధముగ నడచినది. నిజాము రాజ్యమున తెలంగాణమునుండి పద్మశాలీలు షోలాపురమునకును, భివండికిని పోయి మగ్గములమీదను, మిల్లులలోను పనిచేసిరి. ఇంటి స్త్రీలు బీడీలు చుట్టిరి. బొంబాయిలో కట్టడపు పనులకు పోయిన తెలుగు కామాఠీల పేరననే కామాఠీపుర వెలసినది. మిల్లు కూత వేసిన వేళకు గేటులో నుండవలసినవానికి ఉదయమున కొత్తగ వండు తీఱిక ఎక్కడిది? మరాఠీవారి ఫోడణీచా భాత అక్కడ మనవారి చేతికి అందినది. ఫోడణి యనిన తాలింపు, భాత యనిన అన్నము. రాత్రి అన్నమును వ్రేళ్ళతో విడదీసి, నూనెలో ఆవాలు, జీలకఱ్ఱ, ఇంగువ, మిరప, ఉల్లి వేసి, పసుపుతో కలియబెట్టుదురు. మన తాలింపులో తప్పక పడు మినపప్పు వారికి అంత ముఖ్యము కాదు. మనకు అది లేనిది పంటికి పని లేనట్లుండును. షోలాపురపు తెలుగువారు ఆ అన్నముపై అక్కడి వేరుసెనగ పొడిని, షేంగా చట్నీని, చల్లుకొందురు. శ్రీనాథుడు నువ్వులపిండికి అలిగెను. వీరు సెనగపొడిని ఊరి పేరుగ చెప్పుకొందురు.

సద్ది అను మాటకు పట్టాభిషేకము జరిగినది కూడ వారి చేతిమీదుగనే. బతుకమ్మ పండుగ తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ. ఆనాడు పెరుగుసద్ది, చింతపండుసద్ది, నిమ్మసద్ది, కొబ్బరిసద్ది, నువ్వులసద్ది మొదలగునవి కలిపి, నీటియొడ్డున నైవేద్యము పెట్టి పంచుకొందురు. అవి రాత్రి మిగిలినవి కావు; నాడు వండినవే. కాని పేరు సద్దులు. పెరటిలో కూర్చున్న మాట గౌరమ్మ ముందఱికి వచ్చి కూర్చున్నది. షోలాపురములో, భివండిలో, బొంబాయిలో తెలుగు ఆడువారు ఈ పండుగను విడువలేదు. తెలుగు చదువరాని అమ్మాయి కూడ ఆనాడు సద్ది అను మాట పలుకక తప్పదు. ఏ సంఘము పెట్టిన తరగతియు ఇంత స్థిరముగ ఒక మాటను నేర్పజాలదు.

ఈ వ్యాసము వ్రాయబూనినప్పుడు, విన్నదానితో తృప్తిపడక, మా యింట కొంత పరీక్షించితిని. ఒక రాత్రి సోనామసూరి అన్నము కావలసినదానికంటె ఎక్కువ వండించి, కొంత వేడిగ నుండగనే మూతపెట్టి యుంచితిని. కొంత పళ్ళెరమున పఱచి, ఆఱిన వెంటనే శీతలపేటికలో పెట్టితిని. “నాలుగు మెతుకులకు ఇంత పరిశోధనా? ముందు ఆ గిన్నెలన్నీ ఎవరు తోముతారో చెప్పండి” అని మా ఇల్లాలు నవ్వినది. ఉదయమున మూతపెట్టినది చెమటపట్టి ముద్దకట్టి, కొంచెము వాసన వేయుచుండెను, దానిని పాఱవేసితిమి. పఱచి ఆర్చినది మెతుకునకు మెతుకు విడివడెను. దానిని మూడు పాళ్ళు చేసి, ఒకటి నువ్వులనూనెలో మినపప్పు, కఱివేపాకు వేసి నిమ్మరసముతోను, ఒకటి ఉల్లి, వేరుసెనగలతో ఫోడణి పద్ధతినిబట్టియు, ఒకటి ముందురోజు మిగిలిన బీరకాయ కూరతోను తాలింపించితిమి. మూడవది ఎవరియొద్దను నేర్చినది కాదు; కూరయు మిగిలినది గనుక చేసినది. అదియే ముందుగ అయిపోయినది. మఱియొకనాడు అప్పుడే వార్చిన వేడి అన్నమును ఆ తాలింపులోనే వేయగా, అది చిమిడి ఉప్పుపొంగలివలె నయ్యెను.

దీనికి కారణము కష్టమైనది కాదు. వేడి అన్నములో పిండిపదార్థము ఉబ్బి మెత్తగ నుండును. చల్లాఱిన కొలది ఆ పిండి అణువులు మరల దగ్గఱకు చేరి గట్టిపడును, మెతుకు పైతడి ఆఱును. అందుచేత నూనె తగిలినప్పుడు ఒకదానినొకటి అంటుకొనవు. పులిహోరకు అన్నము ఆఱబోయు అమ్మమ్మకు ఈ రసాయనము తెలియదు గాని ఫలితము తెలియును. మూతపెట్టినదానిని పాఱవేయుటకును కారణమున్నది. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉడుకునకు చావవు; తడి అన్నము గోరువెచ్చగ గంటల తరబడి యున్నచో అవి మొలకెత్తి విషము పుట్టించును. అందులో ఒక విషము మరల వేయించినను నశింపదు. అందుచేత తాలింపున కుంచు అన్నమును వేగముగ ఆర్చి చల్లదనమున పెట్టవలెను. తరవాణికుండ సంగతి వేఱు; అక్కడ పుల్లదనమే కావలివాడు, ఆ పులుపులో ఈ జీవి పెరుగుట కష్టము. పులుపెక్కని నీటి అన్నమునకు మాత్రము ఆ కాపు లేదు. నీరు పోసినంతనే అన్నము భద్రమని తలచువారు ఈ భేదమును గుర్తింపవలెను.

ఇప్పుడు మన పట్టణములలో సందుసందున ఫ్రైడ్ రైస్ బండ్లు వెలసినవి. ఇనుప మూకుడు, పెద్దమంట, సోయా పులుసు, క్యాబేజీ తరుగు. ఇది చీనావారి వంట. యాంగ్‌జౌ నగరపు పేరుతో ప్రసిద్ధము. చీనావారు కలకత్తాలో 18వ శతాబ్దము చివరినుండి కాపురమున్నారు. వారి హోటళ్ళలో ఈ దేశపు నాలుకకు అనువుగ మాఱి, 20వ శతాబ్దపు చివరి దశకములలో ఇది మన వీధులలోనికి వచ్చినది. చీనా ఇల్లాలు కూడ దీనిని రాత్రి అన్నముతోనే చేయును. చల్లారిన మెతుకే దానికి మేలు. అనగా మన పిల్లలు ఇష్టపడి కొనుచున్నది చీనావారి చద్దన్నమే. మన సంఘముల విందులలో ఫ్రైడ్ రైస్ వడ్డింపబడుట చూచితిని. తాలింపన్నము వడ్డింపబడుట ఒక్కనాడును చూడలేదు. ఫ్రైడ్ రైస్‌పై నాకు పగ లేదు, రుచిగనే యుండును. ఒకే పనికి ఒక పేరున గౌరవము, ఒక పేరున సిగ్గు ఉండుటయే నాకు మింగుడుపడనిది.

ఐతే మనవారిలో కొందఱు బండ్లు రాకముందే, సముద్రము దాటి, వేయించిన అన్నమును చూచి వచ్చిరి. గౌతమీ తీరమున ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము 1954లో భారతదేశమున కలిసినది. 1962లో ఆ విలీనము చట్టబద్ధమైనది. యానాములో చద్దన్నమునకు జత నిన్నటి చేపలపులుసు. పులుసు ఒక రాత్రి నిలిచినగాని ముక్కకు పులుపు పట్టదని గోదావరివారి నమ్మకము. అది నిజమని నేను తిని తెలిసికొంటిని. యానాము ప్రక్కననే కోరంగి. ఓడలు కట్టు రేవుగ అది ఒకప్పుడు పేరుగాంచినది. 1839 నాటి ఉప్పెన దానిని ముంచినది. రేవు పోయినను పేరు మిగిలినది. ఈ తీరమునుండి, కాకినాడ, విశాఖపట్టణములనుండి ఓడలెక్కి రంగూను పోయిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచిరి. వారు రేవులో మూటలు మోసిరి. ప్రపంచమునకు బియ్యము పంపు మిల్లులలో పనిచేసిరి. 1930 మే నెలలో రంగూను రేవుపనుల తగవు కొట్లాటగ మాఱి వారిపై పడినది. 1942లో జపానువారి దాడికి వెఱచి వేలమంది అడవులగుండ నడచివచ్చిరి. మిగిలినవారిలో చాలమంది 1964 ప్రాంతమున, అక్కడి వ్యాపారములు ప్రభుత్వపరమైన పిదప, తిరిగివచ్చిరి. విశాఖలో బర్మా క్యాంపు అను పేట వారి పేరనే వెలసినది.

బర్మావారు ఉదయమున థమిన్ జో తిందురు. థమిన్ యనిన అన్నము, జో యనిన వేయించినది. నూనెలో ఉల్లి వేయించి, పసుపు వేసి, రాత్రి అన్నమును, ఉడికించిన బఠాణీలను కలుపుదురు. చిన్నతనమున రంగూనులో పెరిగి తల్లిదండ్రులతో తిరిగివచ్చిన ఒక వృద్ధురాలిని కొన్ని యేండ్ల క్రిందట విశాఖలో కలిసికొంటిని. ఆమె దానిని నాకు వండి పెట్టినది. బఠాణీలున్నవి, ఉల్లి యున్నది. కాని నూనె కాగగానే మొదట ఆవాలు వేసినది. రంగూనులో కూడ ఇట్లే చేసెడివారా అని అడిగితిని.

“మా అమ్మ వేసేది. వాళ్ళు వెయ్యరు. ఆవాల్లేకపోతే తాలింపెలా అవుతుంది బాబూ?” అన్నది. తరువాత పళ్ళెము నావైపు జరిపి, మెల్లగ చెప్పినది: “మా మనవలు దీన్ని ఫ్రైడ్ రైసంటారు. వాళ్ళకి చేసినప్పుడు ఆవాలు వెయ్యను. ఏరి పక్కన పెట్టేస్తారు. నాకొక్కదానికీ చేసుకున్నప్పుడే వేసుకుంటాను.”